పడవవాడికి ఏ రొట్టె కావాలి?

మావాడు డల్లాస్‌లో తోటి పిల్లలతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తుంటాడు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక వీరుడైపోతారు. మిగతా లోకమంతా, పూటకూళ్లమ్మ, కమ్మరి, కోట కాపలావాడు, ఆడించేవాడి నోట్లోంచే పలకాలి. వాడి కథలో డ్రాగన్‌కి పేజీలకొద్దీ చరిత్ర ఉంటుంది. పూటకూళ్లమ్మకి పేరన్నా ఉండదు. అడిగితే గూగుల్ మ్యాప్‌లాగా దారి చెప్పి ఊరుకుంటుంది.

నెల్లూరులో ఎవరినన్నా దారి అడిగి చూడండి. "ఎవురింటికబ్బయ్యా? వాళ్లు నీకేమవతారు?" అన్నాకే దారి.

ఈ సెలవుల్లో మూలాపేటలో మా అమ్మవాళ్లింట్లో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, వాడు మా అన్న పిల్లలతో ఆట మొదలుపెట్టాడు. పడవవాడు పది వరహాలిస్తేనే ఏరు దాటిస్తానన్నాడు. మా మేనకోడలు పాచిక ముట్టుకోలేదు. "ఏం మామా, పొద్దున్నించీ బేరం తగల్లేదా? అన్నం తిన్నావా?" అంది. మావాడు తెల్లమొహం వేశాడు. పడవవాడు తిన్నదీ లేనిదీ వాడి నోటుబుక్కులో లేదు మరి.

ఈసారి మొహర్రంలో వచ్చే రొట్టెల పండగ మా సెలవుల్లోనే పడింది. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, పోయినేడు కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చి పుచ్చుకుంటారు. ఆరోగ్యం రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. హిందువులూ ముస్లిములూ అని లేదు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచిన ఒకాయనకి ఎవరో ధనం రొట్టె ఇవ్వబోతే వద్దన్నాడు. ఇంటి రొట్టే కావాలట. మావాడు ఆయన్నే చూస్తూ నీళ్లలో నిలబడిపోయాడు.

ఆ రాత్రి ప్రతి చిన్న పాత్ర పక్కనా ఒక గడి గీయించాను: ఏ రొట్టె కోసం వచ్చాడు? పడవవాడికి కొడుకు ఉద్యోగం. కాపలావాడికి మోకాళ్లనొప్పులు. పూటకూళ్లమ్మకి సొంతిల్లు, పాపం అద్దె కొంపలో నడుపుతోంది. మొక్కుల్ని ఆటలోకి లాగొద్దని అమ్మ అంది. సబబే. రొట్టె మాట నోటుబుక్కు దాటదు.

ఆటలో ఎవరినన్నా ఒప్పించాలంటే ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. తేలికైతే కనీసం 10, మధ్యస్తానికి 15, కష్టమైతే 20 రావాలని ఆడించేవాడే పెడతాడు. వాళ్ల కోరిక కనిపెట్టి మాట్లాడితే 10, డబ్బు చూపించి దబాయిస్తే 20 అని మావాడు పెట్టుకున్నాడు.

గొంతు మార్చి మాట్లాడితే పాత్ర బతికేస్తుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. నాకా నమ్మకం లేదు. మావాడూ కొట్టువాడికి మన ఇంగ్లీషు యాస పెట్టి డల్లాస్ పిల్లల్ని నవ్వించేవాడు. మా నాన్న మాట్లాడేది ఆ యాసలోనే. ఒక పూటంతా తాతయ్య పక్కన కూర్చుని విన్నాక, నేనేమీ అనకుండానే మానేశాడు.

తిరిగొచ్చాక డల్లాస్ వీరులు డ్రాగన్‌ని గాలికొదిలేశారు. పడవవాడి కొడుక్కి కోటలో కొలువు ఇప్పించే పనిలో ఉన్నారు. మొన్న ఆ పిల్లల్లో ఒకడి తల్లి, మన ఒంగోలావిడే, ఫోన్ చేసింది. "మావాడు అన్నం దగ్గర కూడా ఇదే గోల. ఇంతకీ ఆ పిల్లోడు ఏం చదివాడంట?"