కుక్కర్ మూడో విజిల్‌కి మంచం కిందకి

మొదట్లో మాకు చిన్న కుక్కపిల్లే కావాలనుకున్నాం, అదీ లాబ్రడార్. దిక్కులేని కుక్కల్ని కాపాడి, పెంచుకునేవాళ్లకిచ్చే రెస్క్యూ సంస్థలో పనిచేసే అమ్మాయి ఫోన్‌లో అరగంట ప్రశ్నలేసింది, సొంతిల్లా అద్దెదా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా అని. పెళ్లిచూపుల్లో మా ఆయన్ని కూడా నేనిన్ని అడగలేదు. అంతా విని, "పొద్దున తొమ్మిదికి వెళ్లి ఆరింటికొచ్చేవాళ్లకి చిన్నపిల్ల కుదరదండీ, రెండేళ్లదొకటుంది చూడండి" అంది. కోపమొచ్చింది గానీ నిజమే కదా.

అలా జున్ను దొరికింది. సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ టీచర్ ఆంటీ ఇంట్లో ఉండేది. బైక్ గుద్ది వెనక కాలు విరిగితే ఆపరేషన్ చేయించి, షెల్టర్‌లో మిగతా కుక్కల మధ్య కాలు మానదని ఈవిడ దగ్గర మూడు నెలలు ఉంచారట. మామూలు వీధికుక్కే, జున్ను రంగు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉంది. మమ్మల్ని చూసి తోకైనా ఊపలేదు, ఆంటీ కుచ్చిళ్ల వెనక దాక్కుంది.

వచ్చేటప్పుడు ఆంటీ వ్యాక్సిన్ కార్డుతో పాటు ఒక రూళ్ల కాగితం ఇచ్చారు. టీచర్ కదా, గుండ్రటి అక్షరాలు. "కుక్కర్ మూడో విజిల్‌కి మంచం కిందకి పోతుంది, లాగకండి, అదే వస్తుంది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లని చూస్తే మొరుగుతుంది. పెరుగన్నం ఇష్టం, ఉప్పు వద్దు. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ అస్సలు పెట్టొద్దు. రాత్రి రెండింటికి లేచి మనమున్నామో లేదో చూసుకుంటుంది."

ఈ కాగితం లేకపోతే మొదటి వారమే తిరిగిచ్చేసేవాళ్లమేమో. రెండు రోజులు ముద్ద ముట్టలేదు, మాకేమో టెన్షన్. ఈలోగా మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన కుక్కలకి లిఫ్ట్ లేదన్నారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింట్ తీసి చూపిస్తే, చదవకుండానే జేబులో పెట్టుకుని ఊరుకున్నారు.

మూడో రాత్రి గోళ్ల చప్పుడుకి మెలకువొచ్చింది. టైమ్ చూస్తే రెండు దాటింది. బెడ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, మంచం మీద ఇద్దరినీ చూసి, వెళ్లి హాల్లో డోర్‌మ్యాట్ మీద పడుకుంది. అది చూసుకున్నది మమ్మల్నో, ఆంటీ కోసం వెతికిందో.

నాలుగు నెలలైంది. నిన్న ఆంటీ ఫోన్ చేశారు, కొత్తగా ఇంకో కుక్కపిల్ల వచ్చిందట, ఇంట్లో చెప్పులేవీ మిగల్లేదట. పెట్టేసే ముందు, "రెండింటికి లేస్తోందామ్మా ఇంకా?" అనడిగారు.

లేస్తోందండీ, అన్నాను.