ప్రాగ్‌లో డాన్ జొవానీ, పాటల మధ్య మాటలు

ప్రాగ్ వెళ్ళినవాళ్ళు కోట, చార్లెస్ బ్రిడ్జి చూసుకుని వచ్చేస్తుంటారు, కుదిరితే మాత్రం ఒక సాయంత్రం ఎస్టేట్స్ థియేటర్‌కి ఉంచుకోండి. 1783లో తెరిచిన హాలు అది, 1787 అక్టోబర్ 29న సంగీతకర్త మోట్సార్ట్ దగ్గరుండి తన ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, డాన్ జొవానీని మొదటిసారి ఆడించింది అక్కడే, మేం చూసిందీ అదే ఒపెరా, ఆ సంగతి తలుచుకుంటూ కూర్చుంటే ఒళ్ళు పులకరించింది.

పాటలు ముందే విన్నవే కాబట్టి నా చెవులన్నీ రెసిటేటివ్ మీదే ఉన్నాయి, అంటే పాటకీ పాటకీ మధ్య మాట్లాడినట్టే పాడతారే అది. మన హరికథలో దాసుగారు కీర్తన ఆపి వచనం అందుకున్నట్టు ఉంటుంది. ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, హార్ప్సికార్డ్ అనే పియానోలాంటి పాత వాయిద్యం ఒకటే అక్కడక్కడా ఒక శ్రుతి అందిస్తుంటే సింగర్ తాళంతో పని లేకుండా మాట ఎలా వస్తే అలా పరిగెత్తిస్తాడు. అసలు కథంతా నడిచేది ఇక్కడే, పాట వచ్చిందంటే కథ ఆగి మనసులో మాట బయటికొస్తుంది. పెళ్ళికి సిద్ధమైన పల్లెటూరి పిల్ల జెర్లీనాని, ఆడవాళ్ళ వెంటపడే కథానాయకుడు జొవానీ బుట్టలో వేసే సీనే చూడండి, ఆ ఫేమస్ డ్యూయెట్ కంటే ముందే పని సగం అయిపోతుంది, ఆ పిల్ల నేను పెళ్ళికొడుకు మజెట్టోకి మాటిచ్చానండీ అంటే ఆ మాటకి విలువే లేదంటాడు, అదుగో ఆ చిన్న ఇల్లు నాదే, అక్కడే పెళ్ళి చేసుకుందాం అంటాడు, అంతా మామూలు కబుర్లలాగే!

డొన్నా అన్నా అనే ఇంకో ఆవిడ, ఆ రాత్రి తన గదిలోకి ఎవడో జొరబడ్డ సంగతి చెప్పేటప్పుడు హార్ప్సికార్డ్ కాదు, ఆర్కెస్ట్రా మొత్తం దిగుతుంది. ఆమె ఒక ముక్క చెప్పి ఆగుతుంది, వయొలిన్లు ఉలిక్కిపడతాయి, మళ్ళీ ఇంకో ముక్క. ఎలాగో విడిపించుకున్నాను అన్నాక ఆమెని చేసుకోబోయే ఒట్టావియో హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటాడు, నేనూ పీల్చుకున్నాను.

ఇక శ్మశానం సీన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. జొవానీ, అతని నౌకరు లెపొరెల్లో హాయిగా కబుర్లాడుకుంటుంటే మధ్యలో, జొవానీ చేతిలో చచ్చిపోయిన అన్నా తండ్రి విగ్రహం నోరు విప్పుతుంది, అప్పటిదాకా ఒక్కసారి కూడా మోగని ట్రాంబోన్లు అనే ఇత్తడి బాకాలు దాని గొంతుతో పాటు లేస్తాయి. చెప్పేది రెండే రెండు ముక్కలు, పాట కూడా కాదు.

హైలైట్స్ ఆల్బమ్‌లలో ఈ మాటలన్నీ కోసేసి పాటలే పెడతారు, అది నాకు అస్సలు నచ్చదు. వెళ్ళేముందు ఈ ఒపెరా రచయిత లొరెంజో డా పోంటే రాసిన ఆ సంభాషణలు ఒకసారి చదువుకుని వెళ్ళండి.