ఎమ్మార్పీ లేని మందు

పోయిన ఎండాకాలం ఒక పెద్దాయన మా షాపుకి వచ్చారు. ఆరు నెలలు కొడుకు దగ్గర ఉండి వెళ్దామని అమెరికా వచ్చినవారు. బీపీ మాత్రలు పెట్టుకున్న సూట్‌కేసు దారిలో ఎక్కడో తప్పిపోయింది. మన డాక్టరు రాసిన చీటీ ఇక్కడ చెల్లదు కాబట్టి అర్జంట్ కేర్‌కి వెళ్లి కొత్తగా రాయించుకున్నారు. నా బ్యాడ్జి మీద పేరు చూడగానే తెలుగులోకి దిగిపోయి, "అమ్మా, నెలకి ఎంతవుతుందిది?" అని అడిగారు.

ఎదురు ప్రశ్న వేయక తప్పలేదు. "ఇన్సూరెన్స్ ఏదైనా తీసుకున్నారా బాబాయ్ గారూ? కూపన్ ఉందా? ఏదీ లేకపోతే క్యాష్ రేటు చూస్తాను."

"నేను అడిగింది మందు రేటమ్మా."

ఆయన గొంతులో కాస్త జాలి కూడా ఉంది, కొత్తగా చేరిన పిల్ల, రేట్లు తెలియవేమో అన్నట్టు. ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. రేటు నాకు నిజంగానే తెలియదు. కంప్యూటర్‌లో కొట్టాక ఎక్కడో ఉన్న సర్వర్ జవాబిచ్చేదాకా మా ఓనర్‌కీ తెలియదు. స్ట్రిప్ వెనక ఎమ్మార్పీ చూసి, అందులో పది శాతం తగ్గించమని బేరమాడే చోటు నుంచి వచ్చినవాళ్లకి ఇది ఒక పట్టాన ఎక్కదు. నాకే ఏడాది పట్టింది.

క్యాష్ రేటు 42 డాలర్లు చూపించింది. ఫోన్‌లో కూపన్ వెతికి కొడితే 11 అయింది. అదే మాత్ర, అదే డబ్బా. ఆయన 11 డాలర్లు ఇచ్చి, డబ్బాని అటూ ఇటూ తిప్పి చూస్తూ, "మిగతా 31 ఎవరివమ్మా?" అన్నారు. మంచి ప్రశ్నే. ఈ దేశంలో మందుల వ్యాపారం మీద కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, కమిటీలు కూర్చుని అడిగేదీ దాదాపు అదే.

నా గురించి ఒక మాట. నేను బీఫార్మసీ చదివాను, నాలుగేళ్ల కోర్సు. 2003 జనవరి 1 తర్వాత పట్టా తీసుకున్న విదేశీయులకి ఐదేళ్ల చదువు ఉంటేనే ఇక్కడి ఫార్మసిస్టు అర్హత పరీక్షల వైపు రానిస్తారు. అంటే ఒక్క ఏడాది తక్కువై ఆగిపోయానన్నమాట. ఆరేళ్ల ఫార్మ్‌డీ చేసి వచ్చిన పిల్లలు ఆ గోడ దాటుతున్నారు. నేను హెచ్4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వచ్చి, పని చేసుకునే కార్డు చేతికొచ్చాక టెక్నీషియన్‌గా చేరాను. ట్రే మీద మాత్రలు పోసి, చిన్న అట్లకాడలాంటి దాంతో ఐదేసి చొప్పున పక్కకి తోయడం నా పని. ఐదు, పది, పదిహేను... లెక్క మాత్రం ఇప్పటికీ తెలుగులోనే సాగుతుంది.

ఆ మాత్రలు పోసే పెద్ద డబ్బాల మీద అడ్రసులు చదవడం నాకు అలవాటు. ఈస్ట్ విండ్సర్ అంటే అరబిందో, ప్రిన్స్‌టన్ అంటే డాక్టర్ రెడ్డీస్, పిస్కాటవే అంటే హెటెరో వాళ్ల క్యాంబర్. అడ్రసులన్నీ మా న్యూజెర్సీవి, కంపెనీలన్నీ హైదరాబాద్‌వి. అమెరికాలో పది ప్రిస్క్రిప్షన్లు రాస్తే తొమ్మిదికి జెనరిక్ మందే ఇస్తారు. అయినా మందుల మీద ఈ దేశం పెట్టే ఖర్చులో జెనరిక్స్ వాటా ఐదో వంతు కూడా ఉండదు. మేం రోజంతా లెక్కపెట్టే మాత్రల్లో డబ్బు లేదు. డబ్బంతా ఫ్రిజ్‌లో ఉంది, అక్కడికి తర్వాత వస్తాను.

జెనరిక్స్ ఇంత చవక కావడానికి మూలం 1984లో వచ్చిన హాచ్-వాక్స్‌మన్ చట్టం. పేటెంట్ తీరిన మందుని మళ్లీ పెద్ద ట్రయల్స్ లేకుండానే, శరీరంలో అదే తీరున పనిచేస్తుందని చూపించి అమ్ముకోవచ్చంది. మన కంపెనీలు ఆ తలుపులోంచే వచ్చాయి. కానీ అమ్మేవాళ్లు పదుల మంది, కొనేవాళ్లు గుప్పెడు మంది. హోల్‌సేల్ దాదాపు అంతా మెకెసన్, సెంకోరా, కార్డినల్ అనే మూడు కంపెనీల చేతిలో ఉంది. పెద్ద చెయిన్లు వాళ్లతో జట్టుకట్టి జెనరిక్స్ కొంటాయి. ఒక పైసా తక్కువకి ఇచ్చేవాడు దొరికితే సరుకు మారిపోతుంది. అందుకే మా దగ్గర ఒకే మందు ఒక నెల తెల్లగా గుండ్రంగా, ఇంకో నెల గులాబీ రంగులో కోలగా ఉంటుంది. పెద్దవాళ్లు కంగారుపడి ఫోన్ చేస్తారు.

ధర మరీ పడిపోయినా కష్టమే. లాభం లేని మందుని ఒక్కొక్కరే మానేసి చివరికి ఒకరిద్దరు మిగులుతారు. సిస్‌ప్లాటిన్ అనే పాత క్యాన్సర్ మందుకి అదే జరిగింది. 2022 చివర్లో అహ్మదాబాద్ దగ్గర ఒక ప్లాంటులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీకి వెళ్తే లోపాలు బయటపడ్డాయి. అక్కడ తయారీ ఆగింది. 2023లో ఇక్కడి ఆసుపత్రుల్లో ఎవరికి డోసు ఇవ్వాలి, ఎవరికి తగ్గించాలి అని డాక్టర్లు తలలు పట్టుకున్నారు. చివరికి చైనా నుంచి తెప్పించుకోవడానికి అనుమతి ఇచ్చారు.

ఇక ఫ్రిజ్ సంగతి. మొదట నేను చేరింది ఒక పెద్ద చెయిన్‌లో, పేరెందుకులెండి. అప్పట్లో ఫ్రిజ్‌లో ఇన్సులిన్లు, కొన్ని టీకాలు ఉండేవి. 2022 తర్వాత ఓజెంపిక్, వెగోవీ, మౌంజారో పెన్నులు వచ్చి అరలన్నీ ఆక్రమించాయి. షుగర్‌కి మొదలైన మందులు బరువు తగ్గడానికీ వస్తాయని తేలాక జనం ఎగబడ్డారు. ఓజెంపిక్, వెగోవీల్లో ఉండే అసలు మందు సెమాగ్లుటైడ్ 2022 నుంచి కొరతలో ఉంది, తీరిపోయిందని ఎఫ్‌డీఏ ప్రకటించింది 2025 ఫిబ్రవరిలో. మధ్యలో ఆ రెండేళ్లకి పైగా మా ఫోన్ మోగితే ఒకటే ప్రశ్న: "స్టాక్ ఉందా?" ఉందంటే రెండోది: "నా ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా?" ప్రయర్ ఆథరైజేషన్, అంటే ఇన్సూరెన్స్ వాళ్ల ముందస్తు అనుమతి, కోసం డాక్టర్ ఆఫీసుకి ఫ్యాక్సులు పంపడంతోనే సగం రోజు గడిచేది. అవును, ఫ్యాక్సే. చంద్రుడి మీదకి మనిషిని పంపిన దేశంలో మందు చీటీ ఇంకా ఫ్యాక్సులోనే తిరుగుతోంది.

ఇప్పుడు పనిచేసేది ఒక చిన్న సొంత షాపులో. ఓనర్ గుజరాతీ పెద్దాయన, ఫార్మసిస్టు కూడా ఆయనే. కస్టమర్లతో సహా అందరూ అంకుల్ అంటారు. ఒకరోజు నేను ఓజెంపిక్ క్లెయిమ్ కొట్టాను. స్క్రీన్ మీద పచ్చరంగులో 'పెయిడ్' అని వచ్చింది. నేను సంతోషపడుతుంటే అంకుల్ వచ్చి రెండు అంకెలు వేలితో చూపించారు. మేం హోల్‌సేలర్‌కి కట్టింది ఒకటి, ఇన్సూరెన్స్ తరఫున మాకు వచ్చేది ఇంకొకటి. తేడా 27 డాలర్లు, మా చేతి నుంచే. వెయ్యి డాలర్లకి అటూ ఇటూగా ఉండే మందు అమ్మి, పైన మనమే చదివించుకోవడం! అమ్మకపోతే ఆ కస్టమర్ మిగతా ఎనిమిది మందుల చీటీలూ పట్టుకుని వేరే షాపుకి పోతుంది.

ఈ రెండో అంకె వేసేవాళ్లని పీబీఎంలు అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున మందుల బేరం చేసే దళారులు. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్‌ఆర్‌ఎక్స్, ఈ మూడే దేశంలోని క్లెయిముల్లో 80 శాతం దాకా చూస్తాయి. ఇన్సూరెన్స్ డబ్బిచ్చే మందుల లిస్టులో ఏది ఉండాలో వీళ్లే తేలుస్తారు, అందుకు తయారీదారు నుంచి రిబేట్, అంటే ధరలో కొంత వెనక్కి, తీసుకుంటారు. ధర ఎక్కువ ఉంటే రిబేట్ ఎక్కువ. ఇది ఎంత వింతకి దారితీసిందంటే, కీళ్లవాతానికి వాడే హ్యుమిరాకి మొదటి బయోసిమిలర్, అంటే జెనరిక్ లాంటి నకలు, 2023 జనవరిలో వచ్చినప్పుడు తయారీదారు ఆమ్‌జెన్ దానికి రెండు ధరలు పెట్టింది. ఒకటి హ్యుమిరా కంటే 55 శాతం తక్కువ, ఇంకొకటి 5 శాతం మాత్రమే తక్కువ. సీసాలో సరుకు ఒకటే. రిబేట్ కావాల్సినవాళ్లకి ఖరీదైనది, అక్కర్లేనివాళ్లకి చవకది. ఏడాది దాటినా హ్యుమిరా కదల్లేదు. 2024 ఏప్రిల్‌లో కేర్‌మార్క్ తన ప్రధాన లిస్టుల్లోంచి హ్యుమిరాని తీసేసి, సొంత అనుబంధ సంస్థ పేరుతో వచ్చే బయోసిమిలర్‌ని ఎక్కించాక కదిలింది.

ఇన్సులిన్ కథా ఇలాంటిదే. 2023 మార్చిలో లిల్లీ కంపెనీ తన ఇన్సులిన్ ధర 70 శాతం తగ్గిస్తానంది, మిగతా ఇద్దరు ఇన్సులిన్ తయారీదారులూ వరసగా అదే దారి పట్టారు. మా కౌంటర్ ముందు ఒకావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ సంతోషం నిజమే. అయితే పేదల పథకం మెడికెయిడ్‌కి కంపెనీలు చెల్లించే రిబేట్ మీదున్న పరిమితి 2024 జనవరిలో పోయింది. ఏటా ధర పెంచుకుంటూ పోయిన మందుకి, అమ్మిన ధర కంటే ఎదురు ఇచ్చేదే ఎక్కువయ్యేది. ధర తగ్గించుకోవడమే లాభమని లెక్క తేలింది, తగ్గించారు.

ప్రభుత్వం అసలు బేరానికి దిగింది ఈ మధ్యనే. 2022 చట్టంతో పెద్దవాళ్ల ఇన్సూరెన్స్ పథకం మెడికేర్‌లో ఉన్నవాళ్లకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకూడదన్నారు. 2025లో మందుల మీద వాళ్ల చేతి ఖర్చు ఏడాదికి 2,000 డాలర్లకి మించకూడదన్నారు. ఎలిక్విస్, జార్డియన్స్, జనూవియాతో సహా పది మందులకి మెడికేర్ బేరమాడిన ధరలు 2026 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. కొత్త సంవత్సరం అంటే మాకు మామూలుగానే టెన్షన్. డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ డబ్బిచ్చే ముందు మన చేతి నుంచి కట్టాల్సినది, మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, డిసెంబరులో 20 డాలర్లు కట్టినవాళ్లకి జనవరిలో 300 చూపిస్తుంది. తిట్లు మాత్రం కౌంటర్ దగ్గర నిలబడినవాళ్లకే.

షాపులు మూతపడటం కూడా ఈ లెక్కల ఫలితమే. నేను మొదట పనిచేసిన చెయిన్ మా బ్రాంచి మూస్తున్నట్టు రెండు వారాల ముందు చెప్పింది. మా ప్రిస్క్రిప్షన్ ఫైళ్లన్నీ పక్క వీధి షాపుకి అమ్మేశారు, మమ్మల్ని తప్ప. మా ఒక్కళ్లకే అనుకోవడానికి లేదు. రైట్ ఎయిడ్ 2023లో ఒకసారి, 2025లో మరోసారి దివాలా తీసి షాపులన్నీ మూసేసింది. వాల్‌గ్రీన్స్ మూడేళ్లలో 1,200 షాపులు మూస్తానని 2024 అక్టోబరులో చెప్పింది. ఇప్పుడు తయారీదారులే నేరుగా ఇంటికి పంపుతున్నారు. లిల్లీ 2024 జనవరిలో మొదలుపెట్టింది, వెగోవీ తయారుచేసే నోవో దాన్ని 2025 మార్చిలో నెలకి 499 డాలర్లకి ఇస్తానంది. ఇన్సూరెన్స్ లేకుండా, అంకుల్ లేకుండా. అంకుల్ ఆ వార్త చదివి, "మంచిదే, 27 డాలర్లు మిగిలాయి" అన్నారు. నవ్వాలో వద్దో తెలియలేదు.

మా దగ్గరికి రిటైరైన స్కూల్ బస్ డ్రైవర్ ఒకావిడ వస్తుంటుంది. పీబీఎం వాళ్ల మెయిల్ ఆర్డర్‌లో మూడు నెలల మందులు ఒకేసారి ఇంటికొస్తాయి, అలా తీసుకుంటేనే కో-పే, అంటే తన వంతు కట్టేది, తక్కువ. మొన్న ఒక మాత్రని టిష్యూ పేపర్‌లో చుట్టుకుని తెచ్చింది. ఎప్పుడూ తెల్లగా ఉండేది ఈసారి గులాబీ రంగులో వచ్చిందట, భయపడి నాలుగు రోజులుగా వేసుకోలేదట. మాత్ర మీద చెక్కిన అక్షరాలు చదివి కంప్యూటర్‌లో వెతికాను, అంకుల్ కళ్లజోడు పైకెత్తి సరిచూశారు. అదే మందు, కంపెనీ మారింది. అది కూడా హైదరాబాద్‌దే. ఈరోజు నుంచే వేసుకోమని అంకుల్ చెప్పారు.

ఆవిడ పర్సు తీసి "ఎంతివ్వాలి?" అంది. ఏమీ అక్కర్లేదన్నాను. ఫ్లూ టీకా ఎప్పుడు వేయించుకుంటావని అడిగితే, మంగళవారం వస్తానని రాసి పెట్టుకోమంది.