కార్డిసెప్స్ సీసాలు: 41వ రోజు

మే నెలలో వేసిన బ్యాచ్ మొత్తం వేడికి పోయింది. కార్డిసెప్స్ మిలిటారిస్ అనే పుట్టగొడుగు జాతి బూజుకి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, అందుకని ఈసారి డిసెంబర్ దాకా ఆగాను, హైదరాబాద్ చలికి ఉత్తరం వైపు గది ఏసీ లేకుండానే సరిపోయింది.

మొత్తం 12 సీసాలు. ఒక్కోదాంట్లో 25 గ్రాముల దంపుడు బియ్యం, 40 మిల్లీలీటర్ల నీళ్లు, ఆ నీళ్లలో కాస్త గ్లూకోజ్, పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్. మూతకి చిన్న రంధ్రం చేసి గాలి ఆడే మైక్రోపోర్ టేపు అంటించాను. కుక్కర్లో మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి గంటసేపు ఉంచి, రాత్రంతా అలాగే చల్లారనిచ్చి, పొద్దున సీసాకి 5 మిల్లీలీటర్ల లిక్విడ్ కల్చర్ (ద్రవంలో పెంచిన బూజు విత్తనం) వేశాను. (అమ్మ మాత్రం ఆ కుక్కర్లో ఇంక పప్పు వండనంది, కొత్తది కొనక తప్పలేదు.)

8 రోజులు చీకట్లో ఉంచితే బియ్యం మీద తెల్లగా దూది పరిచినట్టు అయింది. అప్పుడు పదింటిని రోజుకి 12 గంటలు ఎల్ఈడీ స్ట్రిప్ కింద పెట్టి, రెండింటిని నల్ల కవర్ చుట్టి బీరువాలోనే వదిలేశాను. మూడో రోజుకల్లా పదింట్లో ఏడు నారింజ రంగుకి తిరిగాయి, మిగతా మూడింటి సంగతి కింద చెప్తా. అసలు తమాషా 7వ నంబర్ సీసాలో జరిగింది: నంబర్ రాసిన చీటీ పీకి చూస్తే దాని వెనకాల చీటీ ఎంతుందో అంత మేర తెల్లటి నలుచదరం! రెండు రోజుల్లో అదీ నారింజ అయిపోయింది.

ఆ రంగు కెరటినాయిడ్లది, క్యారెట్‌కి రంగిచ్చే పదార్థాల కోవలోవి. వాటిని తయారుచేసే జన్యువులు చీకట్లోనూ ఉన్నాయి, పని చేయడం లేదంతే. వెలుతురు పసిగట్టే వైట్ కాలర్ ప్రోటీన్ కదిలితేనే అవి మొదలవుతాయి, ఆ ప్రోటీన్ జన్యువు చెడగొడితే కాడలు (కోసుకునే పుట్టగొడుగు భాగం) కూడా సరిగా రావు. ఆస్పర్జిల్లస్ నిడులాన్స్ అనే ఇంకో బూజు సంగతి ఇంకోలా ఉంటుంది. దాంట్లో వీఏ అనే ప్రోటీన్ చీకట్లోనే ఎక్కువగా కేంద్రకంలోకి చేరి, 2004లో బయటపడ్డ లేఏ అనే ఇంకో ప్రోటీన్‌తో జత కట్టి స్టెరిగ్మటోసిస్టిన్ అనే విషం తయారీని మొదలుపెడుతుంది. ఒక బూజుకి వెలుతురు కావాలి, ఇంకోదానికి చీకటి కావాలి.

అమ్మేవాళ్లు ముదురు నారింజ ఫొటో పెట్టి 'కార్డిసెపిన్ (ఈ బూజు తయారుచేసే ఒక రసాయనం) ఎక్కువ' అంటుంటారు, నాకు అది నచ్చదు. కార్డిసెపిన్ తయారీ సీఎన్ఎస్1 నుంచి సీఎన్ఎస్4 దాకా పక్కపక్కనే ఉన్న నాలుగు జన్యువుల పని, 2017లో తేలింది. అదే జన్యువుల గుంపు పెంటోస్టాటిన్ అనే ఇంకో పదార్థం కూడా చేస్తుంది. కార్డిసెపిన్‌ని విరిచేసే ఎంజైమ్‌ని అది ఆపుతుంది, అంటే సరుకుతో పాటే కాపలావాడిని కూడా తయారు చేసుకుంటుందన్నమాట. మరీ ఎక్కువై తనకే హాని అనుకున్నప్పుడు ఈ బూజే కార్డిసెపిన్‌ని విరగ్గొట్టుకుంటుంది. రంగు చూసి ఇవన్నీ చెప్పలేం, ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పరీక్ష చేయించాల్సిందే, నేనింకా చేయించలేదు.

ఇక నా తప్పు. 10, 11, 12 సీసాలకి నాలుగుసార్లు ఒకదాన్నుంచి ఒకటి మార్చిన కల్చర్ వాడాను. మిగతావాటితో పాటు అదే లైటు కింద అదే షెల్ఫ్‌లో ఉన్నా, అవి లేత పసుపుకొచ్చి ఆగిపోయాయి, పైన బొచ్చులా లేచింది తప్ప ఒక్క కాడ లేదు. పెంచేవాళ్లంతా చెప్పే స్ట్రెయిన్ డీజనరేషన్ (మార్చే కొద్దీ కల్చర్ బలహీనపడటం) ఇదేనేమో. ఇకనుంచి మదర్ ట్యూబ్ (మొదటి కల్చర్ ఉన్న గొట్టం) ఫ్రిజ్‌లోనే, దాన్నుంచి ఒక్కసారి మార్పిడి, అంతే.

మిగతా ఏడు సీసాల్లో కాడలు 3, 4 సెంటీమీటర్లు ఉన్నాయి. 20వ రోజున టేపుకి నాలుగు సూదిపోట్లు పొడిచాక పెరుగుదల ఊపందుకుంది, అంతకుముందు మొటిమల్లాగే ఉండిపోయాయి. కొనలు గరుకుగా అయ్యాక, 55 రోజులు దాటాక కోద్దామనుకుంటున్నా.

బీరువాలో రెండూ ఇంకా తెల్లగానే ఉన్నాయి. రేపు ఒకదాన్ని లైటు కింద పెడతా, ఇంత ఆలస్యంగా వెలుతురు చూపిస్తే కాడలు వేస్తుందో, ఒట్టి రంగు మారి ఊరుకుంటుందో చూడాలి.