తంబోలా యాప్‌ మళ్లీ మొదటి నుంచి: చవితి లోపు ఎంతవరకు వచ్చిందంటే

తంబోలా యాప్ కొత్త వెర్షన్‌లో టికెట్ల భాగం బోనాల నాటికే పూర్తయింది. క్లెయిమ్ (గెలిచానని చెయ్యెత్తడం) సరిచూసే భాగం ఇప్పుడు బాగా నడుస్తోంది. వినాయక చవితికి నాగోల్‌లోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రాత్రి హారతి అయ్యాక దీంతోనే ఆడించాలని పట్టుదలగా ఉన్నాను.

పాత యాప్ జావాలో రాసింది. అందులోని కొన్ని లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడ్) జేసెంటర్ అనే ఆన్‌లైన్ భాండాగారం నుంచి వచ్చేవి. దాన్ని మూసేస్తున్నట్టు 2021లో ప్రకటించారు. మరోపక్క ప్లే స్టోర్ ఏటా టార్గెట్ ఏపీఐని, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు ఉండాలన్న గీతను, పెంచుతూ పోతోంది. అతుకులు వేసుకుంటూ కూర్చోవడం కన్నా కోట్లిన్ భాషలో, తెరలు కట్టే జెట్‌ప్యాక్ కంపోజ్‌తో మొదటి నుంచి రాయడమే నయమనిపించింది. ఎలాగూ కొత్తగా రాస్తున్నాను కాబట్టి ఒక హద్దు గీసుకున్నాను. నంబర్ పిలవడం, మధ్యలో ఆపి ఊరించడం, పిల్లల్ని ఆటపట్టించడం మనుషుల పని. గుర్తుపెట్టుకోవడం, సరిచూడటం యాప్ పని. టికెట్లు కాగితం మీదే ఉంటాయి. అందరూ ఎవరి ఫోన్‌లో వాళ్లు తల దూర్చి ఆడేటట్టయితే సెల్లార్‌లో చాపలు పరుచుకుని కూర్చోవడం ఎందుకు?

ఎక్కువ కాలం పట్టింది టికెట్లకే. ఒక్కో టికెట్‌లో 3 అడ్డ వరుసలు, 9 నిలువు వరుసలు ఉంటాయి. అడ్డ వరుసకు 5 చొప్పున మొత్తం 15 నంబర్లు. మొదటి నిలువులో 1 నుంచి 9, ఆ తర్వాతి వాటిలో పదేసి, చివరి దాంట్లో 80 నుంచి 90. ఒక్క టికెట్ తయారు చేయడం తేలికే. నాకు కావలసింది ఆరు టికెట్ల షీట్. 1 నుంచి 90 దాకా ప్రతి నంబరూ అందులో ఒక్కసారే రావాలి. ఇంటికో షీట్ ఇస్తే ఏ నంబర్ పిలిచినా ఆ ఇంట్లో ఎవరో ఒకరికి తగులుతుంది. పిల్లలు విసుగొచ్చి మధ్యలో లేచిపోరు.

తోచినట్టు పంచుకుంటూ పోతే ఆరో టికెట్ దగ్గరికి వచ్చేసరికి నంబర్లు కుదరవు. కుదిరిన పద్ధతి ఇది. ముందుగా ప్రతి టికెట్‌కీ ప్రతి నిలువు నుంచి ఒక నంబర్ ఇచ్చేయాలి. అలా 54 పోతాయి. మిగిలిన 36లో మొదటి నిలువువి 3, మధ్య ఏడింటివి నాలుగేసి, చివరిదానివి 5. ఒక్కో టికెట్‌కి ఇంకా 6 కావాలి. ఒక్కో నిలువును తీసుకుని, అందులో మిగిలినవాటిని అప్పటికి ఎక్కువ ఖాళీ ఉన్న టికెట్లకు ఒక్కొక్కటి చొప్పున ఇస్తూ పోతే ఎక్కడా ఇరుక్కోదు. చివరికి ప్రతి టికెట్‌లో ఆరు నిలువుల్లో రెండేసి, మూడు నిలువుల్లో ఒక్కొక్కటి పడతాయి. ఆట నియమం ప్రకారం ఒక నిలువులో మూడు దాకా ఉండొచ్చు. కానీ రెండు దాటకపోతేనే టికెట్ కంటికి తేలిగ్గా ఉంటుందని నా అభిప్రాయం. అడ్డ వరుసల్లో సర్దడానికీ ఇదే సూత్రం: రెండేసి ఉన్న నిలువులు ముందు, ఖాళీ ఎక్కువున్న వరుసకే ముందు. అప్పుడు 5, 5, 5 దానంతటదే వస్తుంది.

ప్రింట్ విషయంలో ఏ4 కాగితానికి ఒక్క షీటే పెట్టాను. పన్నెండు టికెట్లు పట్టించొచ్చు గానీ పెద్దవాళ్లకు అంకెలు కనబడవు. జిరాక్స్ షాపుకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గానే పంపాలి, లేకపోతే గీతలు మసకబారతాయి.

గొడవలు వచ్చేదల్లా క్లెయిమ్ దగ్గరే. జల్దీ ఫైవ్‌కి (టికెట్‌లో ఏవైనా ఐదు నంబర్లు ముందుగా తగలడం) ఇద్దరు ఒకేసారి చెయ్యి ఎత్తుతారు. “పిన్నీ, నాది ఇందాకే అయిపోయింది, నేను అరిచింది మీకు వినబడలేదు” అని వెనక వరుస నుంచి ఇంకో గొంతు. అందుకే యాప్‌లో పిలిచిన నంబర్లను వరుసక్రమంతో సహా దాచాను. టికెట్ మూల మీద ఉన్న కోడ్ కొడితే ఆ టికెట్ తెర మీదికి వస్తుంది. పిలిచినవి పచ్చగా ఉంటాయి, ఆ లైన్‌ని పూర్తి చేసిన నంబర్ చుట్టూ మందపాటి గీత, దాని కింద అది ఎన్నో పిలుపు అన్నది కనబడుతుంది. తాజా పిలుపుతోనే పూర్తయితే క్లెయిమ్ చెల్లుతుంది. ముందే పూర్తయి ఉంటే బోగీ (చెల్లని క్లెయిమ్) కింద పోతుందా, పోదా అన్నది ఇంటింటికీ మారే రూల్. అందుకని ఆట మొదలెట్టే ముందే దాన్ని ఎంచుకోవాలి, మధ్యలో మార్చడానికి వీల్లేదు. క్యూఆర్ కోడ్ కూడా పెట్టి చూశాను. మడతలు పడ్డ కాగితం, ట్యూబ్‌లైట్ నీడలు ఉన్నచోట నాలుగు అంకెలు కొట్టడమే తొందరగా అవుతోంది.

ఒకే సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల వరుసను మొదలెట్టే అంకె) ఇస్తే అవే టికెట్లు మళ్లీ పుట్టించొచ్చు కదా అనిపించవచ్చు. కానీ కోట్లిన్‌లో ఆ సంఖ్యలిచ్చే రాండమ్ తర్వాతి వెర్షన్లలో కూడా అదే వరుస ఇస్తుందన్న హామీ లేదు. కాబట్టి టికెట్లన్నీ ఫోన్‌లోనే ఉండే రూమ్ డేటాబేస్‌లో ఉంచాను. ఆట మొదలవగానే 90 నంబర్లనూ పేకముక్కల్లా కలిపే ఫిషర్–యేట్స్ పద్ధతిలో ఒకేసారి కలిపేసి, ఆ వరుసనూ సేవ్ చేస్తున్నాను. ఆ తర్వాత మారేది మనం ఎక్కడున్నాం అన్న ఒక్క అంకె. అది ముందు సేవ్ అవుతుంది, ఆ తర్వాతే తెర మీద నంబర్ కనబడుతుంది. మధ్యలో ఫోన్ కాల్ వచ్చి ఆండ్రాయిడ్ యాప్‌ని మూసేసినా ఆట ఆగినచోటి నుంచే మొదలవుతుంది. సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు కాబట్టి నెట్‌తో పనిపడే భాగం ఒక్కటీ పెట్టలేదు.

గొంతు సంగతి. ప్రతిసారీ నంబర్లు పిలిచేది మా పిన్ని. పిలుస్తూ కూర్చుంటే ఆవిడ ఆడలేదు, ఆవిడకూ టికెట్ పట్టుకోవాలని ఉంటుంది. ఫోన్‌లో ఉన్న తెలుగు మెషీన్ గొంతు పెట్టి చూస్తే, కాంక్రీట్ గోడల మధ్య ప్రతిధ్వనికి ఇరవై, అరవై ఒకేలా వినబడ్డాయి. అందుకని తొంభై నంబర్లూ పిన్ని గొంతులోనే రికార్డ్ చేశాను. “ఆరు, తొమ్మిది... అరవై తొమ్మిది” అని విడి అంకెలు ముందు, నంబర్ తర్వాత. బ్లూటూత్ స్పీకర్ కాసేపు ఊరుకుంటే నిద్రలోకి పోయి, శబ్దం మొదటి ముక్క మింగేస్తుంది. ప్రతి క్లిప్ ముందు అర సెకను నిశ్శబ్దం చేర్చాక “ఆరు” పూర్తిగా వినబడుతోంది. ఈ క్లిప్‌లు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటాయి, పిన్ని ఆడదలుచుకున్నప్పుడే ఆన్ చేస్తాం.

యాప్‌లో డబ్బుల లెక్క ఎక్కడా లేదు, ఉండదు. తెలంగాణలో 2017లోనే చట్టం సవరించి ఆన్‌లైన్‌లో పందెం ఆటలను నిషేధించారు. అది అలా ఉంచినా, మా దగ్గర బహుమతులు స్టీలు డబ్బాలు, టిఫిన్ క్యారియర్లే.

ప్లే స్టోర్‌లో కొత్త వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ని అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడపాలి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే అంతకన్నా ఎక్కువమందే వచ్చారు. వాళ్లలో ఒక అంకుల్ ఫోన్‌లో అక్షరాల సైజు బాగా పెంచి ఉండటంతో 90 గడుల బోర్డు చెదిరిపోయింది. ఇప్పుడు బోర్డు అంకెల సైజు గడి వెడల్పును బట్టి తేలుతుంది, మిగతా తెరలు ఫోన్ సెట్టింగ్‌ను పాటిస్తాయి.

ఇక మిగిలింది రెండో ఫుల్ హౌస్ (టికెట్‌లోని నంబర్లన్నీ పూర్తవడం) లెక్క, ఒకే పిలుపుకి ఇద్దరు గెలిస్తే బహుమతి పంచే స్క్రీన్. నాలుగు మూలలు అంటే టికెట్ మూల గడులు కావు, పై, కింది వరుసల్లోని మొదటి, చివరి నంబర్లు అని ఆ స్క్రీన్‌లోనే బొమ్మ గీసి చూపించాలి. ఆ బొమ్మ ఈ ఆదివారం పెట్టేస్తాను.