చింపిన ప్లాను షీట్లు

నాకు జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు. రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గిపోయాయి, అంతే. తర్వాత ఒక ఉదయం అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగర్ ఏమో అనుకున్నాం. మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాళ్లు నిలవలేదు. ఆ మర్నాటికి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. విశాఖ సీతమ్మధారలో మా ఇంటి దగ్గర డాక్టరుగారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు కదల్లేదు. రెండోదీ కదల్లేదు. "నరాల డాక్టరున్న పెద్దాసుపత్రికి ఇప్పుడే తీసుకెళ్లమ్మా, సాయంత్రం దాకా ఆగొద్దు" అని మా ఆవిడతో చెప్పారు. ఆయన చేసిన ఆ మేలు నేను మరిచిపోలేను.

గులియన్-బారీ సిండ్రోమ్ అన్నారు. జీబీఎస్. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవి మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత నరాల మీదే పడుతుంది. నరాన్ని చుట్టుకుని ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. చాలామందిలో కాళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట. ఫ్రాన్సులో ముగ్గురు డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును గమనించి 1916లోనే రాసిపెట్టారు. 2025 జనవరిలో పుణెలో చాలా కేసులు రావడంతో ఈ పేరు పేపర్లలోకి ఎక్కింది గానీ, నాకొచ్చిన రోజుల్లో మావాళ్లెవరూ వినలేదు. అందరూ పక్షవాతమనే అనుకున్నారు. "ఎవుల కళ్లు పడ్డాయో నా కొడుక్కి" అని మా అమ్మ ఒకటే ఏడుపు.

ఐసీయూలో నర్సమ్మలు గంటగంటకీ వచ్చి, ఊపిరి బాగా పీల్చుకుని ఆ ఒక్క ఊపిరిలోనే అంకెలు లెక్కపెట్టమనేవారు. ఛాతీ కండరాలకూ నీరసం పాకుతోందా అన్నది ఆ లెక్కలో తెలుస్తుంది. అంకెలు తగ్గిపోతుంటే వెంటిలేటర్ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఇరవై దాటితే మా ఆవిడ ముఖంలోకి రక్తం వచ్చేది. నన్ను దేవుడు అంతదాకా తీసుకెళ్లలేదు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు, నరాల పరీక్ష చేశారు, ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు మొదలుపెట్టారు. కిలో బరువుకు 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు ఎక్కిస్తారు. ఆ మందు తయారీకి వేలమంది దాతల ప్లాస్మా కావాలట. సీసా వేలాడుతుంటే దాన్నే చూస్తూ, ముక్కూ మొహం తెలియని వాళ్లందరికీ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. చేతులెత్తే ఓపిక లేదు.

నడక తిరిగి రావడం గురించి ఎక్కువ రాయను. వాకరు, తర్వాత కర్ర, తర్వాత మా ఆవిడ భుజం. నెలల తరబడి సాగింది, చివరికి వచ్చింది. చెప్పాల్సింది చేతుల గురించే.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని, ఇళ్ల ప్లాన్లు గీసేవాణ్ణి. ఐటీఐలో సివిల్ డ్రాఫ్టింగ్ చదివి, ఇరవై ఏళ్లకే డాబాగార్డెన్స్‌లో ఒక ఇంజినీరుగారి దగ్గర చేరాను. ట్రేసింగ్ పేపరు మీద రోట్రింగ్ పెన్నుతో గీసే రోజులవి. గోడ గీతకు 0.5 మిల్లీమీటర్ల మొన, కొలతల గీతకు 0.2. సిరా ఎక్కడైనా మందంగా పడితే బ్లేడుతో గీకి, గోరుతో రుద్ది నున్నగా చేసి మళ్లీ గీసేవాళ్లం. కంప్యూటర్లొచ్చాక ఆ పెన్నులు డబ్బాలోకి వెళ్లాయి, కానీ చేతి మీద నా నమ్మకం అలాగే ఉండిపోయింది. సైటు దగ్గర మేస్త్రి అడిగితే సిమెంటు బస్తా మీదైనా సరే, స్కేలు లేకుండా మెట్ల వరస గీసి చూపించేవాణ్ణి.

జబ్బు తర్వాత ఆ చేయి పెన్సిలు పట్టలేకపోయింది. బొటనవేలు, చూపుడువేలు కలిసేవి గానీ వాటి మధ్య బలం లేదు. పట్టు దొరికాక వణుకు మిగిలింది. పైపొర పోతే త్వరగానే కోలుకోవచ్చు, లోపలి నరం తీగే దెబ్బతింటే మాత్రం అది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలని న్యూరాలజిస్టు చెప్పారు. మిల్లీమీటరంటే ఏమిటో నాకంటే ఎవరికి తెలుసు? మెడ నుంచి వేలికొస దాకా ఎన్ని మిల్లీమీటర్లో మంచం మీద పడుకునే లెక్కేసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి వేళ్లకు పని చెప్పమంది. చపాతీ పిండి కలిపాను, బఠాణీలు ఒలిచాను, పూసలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఏరాను. మేలు చేసే పనులే. కానీ నేను చేశాను అని చూసుకోవడానికి రోజు చివర ఏమీ మిగిలేది కాదు. అది చూసి మా అమ్మాయి ఎక్కడో వాకబు చేసి, లాసన్స్ బే కాలనీలో ఒక మేడ మీద ఆదివారాలు జరిగే మిక్స్‌డ్ మీడియా పెయింటింగ్ క్లాసులో నా పేరు రాయించింది. "గీతలు గీయక్కర్లేదంట నాన్నా, అడిగాను" అంది.

మేడమ్‌కు ముప్పై ఏళ్లుంటాయి. క్లాసులో కాలేజీ పిల్లలు, బ్యాంకులో రిటైరైన ఒకాయన, ఇద్దరు గృహిణులు. కాగితం, గుడ్డ, నార, ఇసుక, అక్రిలిక్ రంగు, బొగ్గు, ఏదైనా ఒకే బోర్డు మీదికి తేవచ్చు, ఒకదానితో ఒకటి నిలబడితే చాలని ఆవిడ చెప్పారు. ఇది కూడా పెయింటింగేనా అని బ్యాంకాయన అడిగితే, 1912లోనే పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్ క్లాత్ ముక్కను కాన్వాసు మీద అతికించి, చుట్టూ తాడు బిగించాడని చెప్పారు. నా వైపు చూసి ఇంకొకటి చెప్పారు. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఫ్రెంచి చిత్రకారుడు మతీస్‌కు నిలబడి బొమ్మలేయడం కష్టమైపోయింది. అప్పుడు కాగితాలకు రంగు వేయించుకుని, మంచంలోనో చక్రాల కుర్చీలోనో కూర్చుని కత్తెరతో కత్తిరించి బొమ్మలు కట్టాడు. చివరిదాకా అదే ఆయన పని. ఓదార్పు మాటలు చాలా విన్నాను గానీ, ఇది ఓదార్పులా అనిపించలేదు. పనిముట్టు మార్చుకున్న ఒక పనివాడి కథలా వినపడింది.

నాకు మొదట ఇచ్చింది పాత న్యూస్‌పేపరు. "పైనుంచి కిందికి చింపండి అంకుల్" అన్నారు. చక్కగా నిలువుగా చిరిగింది. "ఇప్పుడు అడ్డంగా." ఎంత జాగ్రత్తగా లాగినా వంకర్లు పోయింది. మిల్లులో కాగితం పరిగెత్తిన దిక్కునే నారలు పరుచుకుంటాయి కాబట్టి అటు చింపితే నేరుగా వస్తుంది, అడ్డంగా చింపితే తన దారి తను చూసుకుంటుంది. ఆ వంకర నా వణుకు వల్ల వచ్చింది కాదు. పక్కనున్న కాలేజీ పిల్ల చింపినా అలాగే వచ్చింది. అది చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తర్వాతి వారం ఇంట్లో అటక మీదున్న అమోనియా ప్రింట్ల చుట్ట పట్టుకెళ్లాను. ఎప్పుడో కట్టేసిన ఇళ్ల ప్లాన్లు, నీలం గీతలు వెలిసిపోయినవి. ఒక షీటు తీసి బల్ల మీద పరిచాను. ఎంవీపీ కాలనీలో రెండంతస్తుల ఇల్లు, మెట్ల కింద పూజగది. ఆ గీతలు ప్రతి ఒక్కటీ నేను గీసినవే, కానీ ఒక్కటీ నేను నిర్ణయించింది కాదు. గది ఎక్కడుండాలో ఇల్లు కట్టించుకునే పార్టీ చెప్పేది, స్తంభం ఎక్కడుండాలో ఇంజినీరుగారు చెప్పేవారు, గోడకూ రోడ్డుకూ ఎంత ఖాళీ వదలాలో మున్సిపాలిటీ చెప్పేది. ఆ పనిని నేను ప్రేమించాను, ఇప్పటికీ గౌరవమే. అయినా ఆ షీటును మధ్యకు పట్టుకుని చింపినప్పుడు, దీంతో ఏం చేయాలో చెప్పేవాళ్లు ఈ గదిలో ఎవరూ లేరన్న సంగతి నాకు ఒళ్లంతా తెలిసింది.

చింపడంలోనూ తేడాలున్నాయి. నావైపు లాగిన ముక్కకు అంచున తెల్లటి నార తేలుతుంది, అవతలి ముక్కకు తేలదు. ఏ అంచు కావాలో ఆలోచించుకుని చింపాలి. ఫెవికాల్‌లో నీళ్లు కలిపి అడుగున ఒక పూత, పైన ఒక పూత వేస్తే కాగితం బోర్డును కరుచుకుంటుంది. దానిమీద వాల్ పుట్టీలో ఫెవికాల్ కలిపిన ముద్దను కత్తితో పూస్తాం. ఆ కత్తి పిడి సన్నం, నా గుప్పిట్లో నిలిచేది కాదు. ఫిజియో అమ్మాయి సలహా మీద పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేశాను. వేళ్లతో కాకుండా పిడికిలితో పట్టి భుజం నుంచి లాగితే ముద్ద మీద పెద్ద పెద్ద చాళ్లు పడ్డాయి. చేయి వణికిన చోట చాలు సన్నసన్నగా అలలు తిరిగింది. ఆరాక పలచటి రంగు నీళ్లు పోస్తే ఆ అలల్లోకే దిగి నిలిచింది. "ఇది కావాలని చేస్తే రాదు అంకుల్, చెరపకండి" అన్నారు మేడమ్.

నియమాలు లేవని కాదు. అక్రిలిక్ మీద నూనె రంగు నిలుస్తుంది, నూనె మీద అక్రిలిక్ వేస్తే కొన్నాళ్లకు పెచ్చులు లేస్తుంది. న్యూస్‌పేపరుకు పైపూత వేయకపోతే పచ్చబడిపోతుంది. మన విశాఖ ఉప్పుగాలికి, ఉక్కకు పుట్టీ ఆరడానికి సముద్రానికి దూరంగా ఉండే ఊళ్లవాళ్లకంటే ఎక్కువ ఓపిక పట్టాలి. బీచ్ ఇసుక వాడితే ముందు మంచినీళ్లలో కడిగి ఆరబెట్టాలి. ఆర్కే బీచ్ ఇసుకలో నల్లటి చారలు చూస్తుంటాం కదా, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాల వల్ల వచ్చేవి. ఆ నల్లిసుకను జిగురు మీద చల్లితే ఎండపొద్దులో మెరుస్తుంది, కొనే రంగు ఏదీ అలా మెరవదు.

ఒకసారి అందరినీ భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గరికి తీసుకెళ్లారు. నేను లోపలికి దిగలేకపోయాను, కాళ్లు ఇంకా అంత నమ్మకమిచ్చేవి కావు. జీడిమామిడి చెట్టు కింద కూర్చుని చూశాను. వాన కోసిన గండ్లు, వాటి అంచులు, కింద ఒక ఎరుపు, పైన ఇంకో ఎరుపు. ఇక్కడ పిడికెడు మట్టి కూడా తీయకూడదు, ఇది కాపాడుకోవాల్సిన చోటు అని మేడమ్ ముందే గట్టిగా చెప్పారు. అందుకని మట్టి మా అత్తగారి ఊరు చోడవరం నుంచి తెప్పించుకున్నాను. ఆ బోర్డు నాకు చాలాకాలం పట్టింది. అడుగున చింపిన ప్లాన్లు, వాటి మీద పుట్టీ, పుట్టీ మీద జల్లించిన ఎర్రమట్టి. ఒక గండి లోతులో మాత్రం మట్టి వేయలేదు. అక్కడ నీలం గీతలు, "వంటగది 10'-0" x 8'-0"" అన్న నా చేతిరాత కనపడుతూ ఉండాలనుకున్నాను. ఎందుకని మా ఆవిడ అడిగింది. నాకలా ఉండాలనిపించింది అని చెప్పాను. ఆ జవాబు నా నోటి నుంచి మా ఆవిడ అంతకుముందు వినలేదు.

వేళ్లు పూర్తిగా రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను, సంతకం పాతదానిలా ఉండదు, సాయంత్రానికి అలసట వచ్చి మీద పడుతుంది. ఈ జబ్బు తర్వాత అలసట ఏళ్లపాటు ఉండవచ్చని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఆఫీసులో ఇప్పుడు డ్రాయింగులు చెక్ చేసే పని చూస్తున్నాను.

ఫిజియోథెరపీలో నా పక్కన కూర్చునే ఒక టైలరు ఉన్నారు, అల్లిపురంలో షాపు. స్ట్రోక్ వచ్చి కుడిచేయి పట్టు పోయింది. నా ఫోన్లో బోర్డు ఫొటో చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుడ్డ ముక్కలు కూడా అతుక్కుంటాయా మాస్టారూ? మా షాపులో బస్తాలున్నాయి" అని అడిగారు. మేడమ్‌తో మాట్లాడాను. మేడ మెట్లు ఆయన ఎక్కలేరు కాబట్టి ఈ ఆదివారం నుంచి కింద కారు షెడ్డులోనే బల్లలు వేస్తామన్నారు. ఒక బస్తా మా అమ్మాయి స్కూటీ మీద ముందే చేర్చేసింది.