మంచు సెలవూ, జూన్‌లో దాని బాకీ

శనివారం భోజనాల దగ్గర ఆ పెద్దమనిషి అన్న మాట ఇంకా నన్ను వదలలేదు. "మీకేమండీ టీచర్లకు, కాస్త మంచు రాలితే చాలు, జీతం తీసుకుంటూ ఇంట్లో కూర్చోవచ్చు" అన్నారాయన. మా ఆయన ఎప్పటిలాగే నవ్వి మాట మార్చేశారు. ఈరోజు నిజంగానే సెలవు వచ్చింది కనుక, అత్తయ్యగారు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చెబుతాను. అమెరికాలో మేముండే మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏడాదికి 180 రోజులు బడి జరిగి తీరాలి. మంచు ఎన్ని రోజులు మింగుతుందో ముందే తెలియదు కాబట్టి క్యాలెండరులో 185 రోజులు వేసి పెట్టుకుంటారు, పోయిన ప్రతి రోజునూ జూన్‌లో తిరిగి కట్టించుకుంటారు. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పి దాన్ని పనిదినం కింద చూపిస్తామంటే మా రాష్ట్రం ఒప్పుకోదు. 2015 శీతాకాలంలో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, బోస్టన్‌లో 108 అంగుళాలకు పైగా మంచు పడింది; ఆ ఏడాది చాలా ఊళ్ళలో బడులు జూన్ ఆఖరి వారం దాకా నడిచాయి. ఏసీ లేని రెండో అంతస్తులో, చొక్కాలు వీపుకు అంటుకుపోయిన తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి వర్గ సమీకరణాలు చెప్పిన ఆ మధ్యాహ్నాలను జీతంతో కూడిన సెలవు అని ఎవరైనా అంటే నాకు మండదా? పైగా ఈరోజు నేను ఊరికే కూర్చున్నదీ లేదు. ఫిబ్రవరి సెలవుల లోపు ముగియవలసిన అధ్యాయం వెనక్కి జరిగింది, పరీక్ష తేదీ మారింది, మధ్యాహ్నమంతా పేపర్లు దిద్దుతూనే గడిచింది.

అయినా పొద్దున ఐదుంపావుకు, ఈరోజు బడి లేదని ఫోనులో మా ఊరి బడులన్నిటికీ అధికారైన సూపరింటెండెంటు గొంతు వినబడగానే కలిగిన సంతోషాన్ని దాచుకోను. అలా చేస్తే మంచు పడుతుందని ఇక్కడి పిల్లల నమ్మకం కనుక, రాత్రి పైజామా తిరగేసి వేసుకుని, దిండు కింద చెంచా పెట్టుకుని పడుకున్న మా చిన్నది తన మహిమ వల్లే మంచు పడిందని ఇల్లంతా చాటింది. తొమ్మిదింటికి పెసరట్లు వేశాను, వారం మధ్యలో అందరం కలిసి కూర్చుని తిన్నాం.

అప్పుడే అత్తయ్యగారు "మీ కోనసీమలో తుపానుకు సెలవులిచ్చేవారు కదూ" అన్నారు. ఇచ్చేవారు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానుకు మాకు సెలవులే సెలవులు, కానీ వాటిని సెలవులని ఎవరూ అనలేదు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. తెల్లవారేసరికి కొబ్బరితోటలన్నీ ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. ఇళ్ళు పోయినవాళ్ళు మా హైస్కూలులోకి చేరారు. మా తరగతి గదిలో నల్లబల్ల మీద మా లెక్కల మాస్టారు రాసిన సిద్ధాంతం సగం అలాగే ఉంది, మిగతా సగం చెరిపి కుటుంబాల పేర్లూ, మనుషుల సంఖ్యా, ఎవరికి ఎన్ని గిద్దెల బియ్యమో ఆయన చేతిరాతతోనే రాసి ఉంది. ఆవరణలో గాడిపొయ్యి తవ్వారు. మా లెక్కల మాస్టారికీ తెలుగు మాస్టారికీ ఎందుకో మాటలు లేవని మాకందరికీ తెలుసు. అలాంటిది ఆ ఇద్దరూ గోనెసంచి ముక్కలు చుట్టిన గంగాళం చెవులు చెరొకటి పట్టుకుని అన్నం మోసుకొచ్చారు. లెక్కల మాస్టారి ఇంటి పైకప్పు కూడా ఎగిరిపోయిందని మా నాన్నగారు తర్వాత చెప్పారు. నాలుగు రోజులకు వచ్చిన దీపావళికి మా వీధిలో ఒక్క మతాబా కాలలేదు. ఆ మాస్టార్లు మాత్రం పొద్దుటి నుంచి రాత్రి దాకా బడిలోనే ఉన్నారు.

ఆ పెద్దమనిషికి జవాబు రాద్దామని కూర్చున్నదాన్ని, ఇక్కడికి వచ్చేసరికి నా కోపం మీద నాకే అంత నమ్మకం లేకుండా పోయింది. మూడో పీరియడులో కిటికీ పక్కన కూర్చునే పిల్లవాడు నిన్న నా బల్ల దగ్గరికి వచ్చి, మిగతావాళ్ళకు వినబడకుండా, "రేపు బడి ఉంటుంది కదా మిస్" అని అడిగాడు. మా రాష్ట్రంలో బడి పిల్లలందరికీ టిఫినూ భోజనమూ ఉచితమన్న ఏర్పాటును 2023లో శాశ్వతం చేశారు, ఆ అబ్బాయి ఆ రెండు పూటలా బడిలోనే తింటాడు. నాకు పెసరట్లు తెచ్చిన సెలవు వాడికి ఏమి తెచ్చిందో నేను ఊహించగలను.

అయితే ఆ మాట గమనించింది నేనొక్కదాన్నే కాదు. మంచు తుపాను సూచన రాగానే క్యాంటీనులో పనిచేసే ఆవిడ పాలడబ్బాలూ, ఆపిల్ పండ్లూ, బ్రెడ్డూ సంచుల్లో సర్ది కౌన్సెలర్ గదికి పంపింది. చివరి గంటకు ముందు వాటిని ఎవరి కంటా పడకుండా పిల్లల బ్యాగుల్లోకి చేర్చింది మా ఎదురుగది సైన్స్ టీచరు. అత్తయ్యగారిని ఆసుపత్రిలో చేర్చిన వారం, నా బదులు పాఠం చెప్పే సబ్‌స్టిట్యూట్ దొరకకపోతే తన ఖాళీ పీరియడు వదులుకుని నా తరగతి చూసుకున్నది కూడా ఆవిడే. తిరిగి వెళ్ళేసరికి నా బల్ల మీద వరసగా అంటించిన పసుపుపచ్చ చీటీలు ఉన్నాయి: ఏ పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో, ఎవరు ఏడ్చారో, ఎవరికి నా గురించి బెంగగా ఉందో పెన్సిలుతో రాసిపెట్టింది. బడి మూసేయమని ఏ సూపరింటెండెంటూ ఫోను చేయని ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది వీళ్ళే. మంచుకు నేను చెప్పుకునే కృతజ్ఞతలో ఎక్కువ భాగం వీళ్ళకే చెందాలి. ఈ రాత్రంతా మెట్ల మీద ఉప్పు చల్లుతూ, తలుపుల ముందు మంచు ఎత్తిపోస్తూ ఉండే, బడి భవనాన్ని చూసుకునే మా కస్టోడియన్‌కు కూడా.

రేపు రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుందని ఇప్పుడే మెసేజి వచ్చింది. టిఫిను పెడతారో పెట్టరో అందులో లేదు. సైన్స్ టీచరును అడిగితే, తను ముందుగా వెళ్ళి క్యాంటీను తెరిపిస్తానని, ఆ కిటికీ పక్క పిల్లవాడు ఏ బస్సులో వస్తాడో చెప్పమని అడిగింది, చెప్పాను. ఈ సెలవుకు బదులు జూన్‌లో అదనంగా వచ్చే బడి రోజు గురించి కూడా ఒక మాట అనుకున్నాం. ఆ రోజు కిటికీలో పెట్టే ఫ్యాను తను తెస్తుంది, నేను మజ్జిగ చేసి తీసుకెళ్తాను.